చెరువు దాకా నడక: లినక్స్ మొదలుపెట్టే మన పిల్లలకు కొంత చరిత్ర



గత రెండు భాగాల్లో హైదరాబాద్ రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ నడిపిన ఆది హిందూ బడుల గురించి రాశాను. ఈ భాగం కంప్యూటర్ గురించి. దారి తప్పాననుకోకండి. బడి తలుపు గురించి అంతసేపు మాట్లాడి ఈ తలుపు గురించి మాట్లాడకపోతే ఆ చరిత్ర సగంలో ఆగిపోతుంది.

ముందు నా నష్టం ఒకటి చెప్తాను. పీహెచ్‌డీ కోసం సేకరించిన పాటల్లో నలభై పేజీలు ఇప్పుడు నేనే చదవలేను. సిద్ధాంత గ్రంథానికేం కాలేదు, అది అట్ట వేసుకుని యూనివర్సిటీ లైబ్రరీలో భద్రంగా ఉంది. అందులో పట్టక బయట మిగిలిపోయిన పాటలవి. మంథని దిక్కు, ధర్మారం దిక్కు మాదిగ వాడల్లో నాట్లు వేసే ఆడవాళ్లు పాడుతుంటే పక్కన కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాను. రికార్డర్ కొనే స్తోమత లేదు అప్పుడు. వాటిని పెద్దపల్లిలో ఒక డీటీపీ సెంటర్‌లో పేజీకి ఇంత అని డబ్బులిచ్చి టైపు చేయించాను. సీడీలో వేసి ఇచ్చారు. తర్వాత ఇల్లు మారినప్పుడు నోటుబుక్కులు వానకు తడిసి ముద్దయిపోయాయి. పాడినవాళ్లలో ముగ్గురు ఇప్పుడు లేరు.

సీడీ మాత్రం ఉంది. దాన్ని కాలేజీ కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు. ఫైలు చెడిపోలేదు. ఒక్క బైటు కూడా పోలేదు. కాకపోతే ఆ పాటలను చూపించే ఫాంటు ఒక కంపెనీది. అది ఉన్న పాత సాఫ్ట్‌వేర్ ఇప్పటి కంప్యూటర్‌లో నడవదు. నా పల్లె ఆడవాళ్ల పాట నా చేతిలోనే ఉంది, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంది.

ఇది ఎట్లా జరిగిందో చెప్పాలి, ఎందుకంటే ఇది నా ఒక్కదాని కథ కాదు. కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది అందరూ కలిసి ఒప్పుకుంటేనే ఒకచోట రాసింది ఇంకోచోట చదవగలం. ఇంగ్లీషుకు ఆ ఒప్పందం 1960లలోనే కుదిరింది. భారతీయ భాషలకు ఇస్కీ అనే ప్రమాణం 1980లలో తయారైంది, కానీ డీటీపీ కంపెనీలు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఒక ఫాంటులో ఉండేవి 256 గదులు. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గదుల్లో తెలుగు తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క పెట్టి అతికించారు. ఒక కంపెనీ ముక్కల వరుస ఇంకో కంపెనీకి కలవదు. కలిస్తే కస్టమర్ చేజారిపోతాడు కదా. అంటే అచ్చులో కనిపించేది తెలుగే, లోపల నిల్వ ఉన్నది మాత్రం తెలుగు కాదు.

యూనికోడ్ వచ్చాక తెలుగుకు సొంత గదులు వచ్చాయి. 1991లో వచ్చిన దాని మొదటి రూపంలోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ‘అ’కు 3077, ‘క’కు 3093. ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ఫోనులోనైనా అంతే. మీరు వాట్సాప్‌లో పంపే తెలుగు అవతలివాళ్లకు తెలుగుగానే చేరుతోందంటే కారణం ఇదే. కానీ మన డీటీపీ సెంటర్లలో యూనికోడ్ అడుగుపెట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ ఏళ్లు మనకు ఏ ఏళ్లో గుర్తు చేసుకోండి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు, 1994లో మాదిగ దండోరా. దళిత సాహిత్యం ఒక ఉప్పెనలా వచ్చిన కాలం. ‘చిక్కనవుతున్న పాట’ 1995లో వచ్చింది. ఆ కాలపు కరపత్రాలు, సభల నివేదికలు, చిన్న పత్రికలు చేతిరాత నుంచి, సైక్లోస్టైల్ నుంచి డీటీపీకి మారాయి. పుస్తకంగా అచ్చయినవి మిగిలాయి. ఫ్లాపీల్లో, సీడీల్లో ఉండిపోయినవి నా పాటల్లాగే మూగబోయాయి. మన ఉద్యమం రాతపూర్వకంగా ఎక్కువ మాట్లాడిన కాలమే తాళం పడ్డ కాలం కూడా అయింది.

ఇక తాళం లేని సాఫ్ట్‌వేర్ సంగతి.

1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ పని చేసేవాడు. వాళ్ల ల్యాబుకు జిరాక్స్ కంపెనీ ఒక కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే అందరి తెరల మీద కబురు వచ్చేట్టు ఆయన దాని ప్రోగ్రామును మార్చి పెట్టాడు. కొత్తదాంట్లోనూ అట్లాగే చేద్దామంటే కంపెనీ ప్రోగ్రాము సోర్స్ కోడు ఇవ్వలేదు. దాని కాపీ ఉన్న ఇంకో విశ్వవిద్యాలయం మనిషిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానన్నాడు.

సోర్స్ కోడు అంటే ఏమిటని మొన్న మా బీఏ పిల్ల అడిగింది. డప్పుతో చెప్పాను. డప్పు తోలు సడలితే సెగ చూపిస్తాం. చినిగితే విప్పి, కొత్త తోలు తడిపి బిగిస్తాం. పలక పెద్దది కావాలంటే పెద్దది చేసుకుంటాం. కొట్టేవాడికి దాని లోపలి సంగతి తెలుసు. ఇప్పుడు ఒకడు వచ్చి డప్పు అమ్ముతూ, కొట్టుకో కానీ విప్పకు, పక్కూరోడికి ఇవ్వకు, ఎట్లా కట్టారో అడగకు, చినిగితే నా దగ్గరికే రా అన్నాడనుకోండి. చాలావరకు కంప్యూటర్ వ్యాపారం అంటే అదే. విప్పి చూసుకునే రాతే సోర్స్ కోడు.

స్టాల్‌మన్ 1983 సెప్టెంబర్ 27న ఒక ప్రకటన చేశాడు. ఎవరైనా వాడుకోగల, చదవగల, మార్చగల, పంచగల ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టం రాస్తాను, పేరు గ్నూ అన్నాడు. ఆ ఏడాదే మన రామగుండంలో ఎన్టీపీసీ మొదటి 200 మెగావాట్ల యూనిట్ మొదలైంది. తర్వాత ఆ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లకు పెరిగింది. గోదావరిఖని బొగ్గు కాలి, కరెంటై, దక్షిణ రాష్ట్రాలకు పోతుంది. హైదరాబాద్‌లో వేల కంప్యూటర్లు వెలిగే వెలుగులో మా జిల్లా బూడిద కూడా ఉంది. ఆ కంప్యూటర్ల ముందు కూర్చునే కుర్చీలు ఎవరికి దక్కాయన్నది వేరే భాగం అవుతుంది, ఇక్కడ ఆగుతాను.

గ్నూలో అన్ని పనిముట్లూ తయారయ్యాయి కానీ, యంత్రానికి, ప్రోగ్రాములకు మధ్య నిలబడే కెర్నల్ అనే గుండెకాయ ఆలస్యమైంది. 1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని ప్రకటించాడు. అదే నెల 6వ తేదీన చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి మూటలు గట్టి తుంగభద్ర కాలువలో వేశారు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఒకే నెలలో ఒక దేశంలో ఒక విద్యార్థికి సరదా ఎట్లా దొరికిందో, ఇంకో దేశంలో చదువుకున్న పిల్లగాడు సినిమా హాలులో కాలు తగిలినందుకు ఊరు మీదికి ఏం వచ్చిందో పక్కపక్కన పెట్టి చూస్తున్నానంతే. టెక్నాలజీ చరిత్ర రాసేవాళ్లు ఇట్లా పెట్టి చూడరు.

లినస్ 1992లో తన కెర్నల్‌ను స్టాల్‌మన్ రాసిన జీపీఎల్ అనే లైసెన్సు కిందికి తెచ్చాడు. 1989లో మొదట వచ్చిన ఆ లైసెన్సును ప్రతి విద్యార్థి అర్థం చేసుకోవాలి. ఎవరైనా ఏ పనికైనా ఈ ప్రోగ్రామును నడుపుకోవచ్చు. లోపలికి చూసి నేర్చుకోవచ్చు, మార్చుకోవచ్చు. కాపీలు పంచొచ్చు. మార్చినదాన్ని కూడా పంచొచ్చు. ఒకే షరతు: నీవు పంచేటప్పుడు నీకు దొరికిన ఈ హక్కులన్నీ అవతలివాళ్లకూ ఇవ్వాలి. తీసుకుని తలుపు వేసుకోవడానికి లేదు. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒకే మాట ఉండి వాళ్లు తంటాలు పడతారు. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఇది స్వేచ్ఛ.

స్టాల్‌మన్‌ను దేవుణ్ణి చేయొద్దు. లైంగిక దోపిడీ కేసు ఒకదాని మీద చేసిన వ్యాఖ్యల వల్ల ఆయన 2019లో ఎంఐటీ నుంచి, తాను పెట్టిన ఫౌండేషన్ అధ్యక్ష పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. 2021లో ఫౌండేషన్ బోర్డులోకి తిరిగొచ్చాడు, దాని మీద పెద్ద గొడవ జరిగింది. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చెప్పిన మాట ఇక్కడా పనికొస్తుంది. లైసెన్సును తీసుకుందాం, మనిషిని ప్రశ్నిద్దాం.

మా పెద్దపల్లి జిల్లాలో ధూళికట్ట ఉంది. శాతవాహనుల కాలపు బౌద్ధ స్థూపం. కాలేజీ పిల్లలను తీసుకెళ్లినప్పుడల్లా ఒక సంగతి చెప్తాను. వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగిన సీసం, లక్క పోయమన్నది గౌతమ ధర్మసూత్రం. దానికి పూర్తి ఎదురుగా, మహాపరినిబ్బాన సుత్తంలో బుద్ధుడు తన చివరి రోజుల్లో ఆనందుడితో, ధర్మం విషయంలో తనకు ఆచార్యుల మూసిన పిడికిలి లేదని చెప్తాడు. శిష్యులకు తెలియకుండా దాచుకున్నది ఏదీ లేదని అర్థం. మూసిన పిడికిలి విద్య మన దేశానికి సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొత్తగా నేర్పలేదు.

అయితే పిడికిలి తెరిస్తే సరిపోతుందా? ఇక్కడే నాకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రులతో పేచీ.

మహద్ గుర్తు చేసుకోండి. 1923 ఆగస్టులో సీతారాం కేశవ్ బోలే పెట్టిన తీర్మానాన్ని బొంబాయి శాసన మండలి ఆమోదించింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, బావులు, బడులు అంటరానివాళ్లు కూడా వాడుకోవచ్చు. 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. హక్కు వచ్చేసింది. కానీ 1927 మార్చి 20 దాకా ఒక్క దళితుడు ఆ నీళ్లు ముట్టలేదు. ఆ రోజు అంబేద్కర్ ముందు నడిచి దోసిలి పట్టాకే వేల మంది వెనక నడిచారు. తర్వాత దెబ్బలు తిన్నారు. చెరువును పేడతో, గోమూత్రంతో శుద్ధి చేశారు. కోర్టులో కేసు పదేళ్లు నడిచి 1937లో గెలిచింది. తీర్మానానికి, దోసిలికి మధ్య నాలుగేళ్లు. కాగితం మీది హక్కు తనంతట తాను నీళ్లు తాగించదు.

జీపీఎల్ బోలే తీర్మానం లాంటిది. 1989 నుంచి హక్కు ఉంది. మన హాస్టళ్లలో దోసిలి పట్టినవాళ్లు ఎంతమంది?

నా సంగతే చెప్తాను. ఉబుంటు అనే లినక్స్ 2004లో మొదలైంది. 2011 దాకా అడిగినవాళ్లకు దాని సీడీలను పోస్టులో ఉచితంగా పంపేవారు. యూనివర్సిటీ హాస్టల్‌లో ఒక ఇంజనీరింగ్ దోస్తు నాకు ఒకటి ఇచ్చింది. కవరు చాలా అందంగా ఉంది. రెండేళ్లు నా ట్రంకు పెట్టెలో ఉంది. తెరవలేదు. పక్కన కూర్చుని చూపించేవాళ్లు లేరు, తప్పు చేస్తే కంప్యూటర్ చెడిపోతుందని భయం, ఆ కంప్యూటర్ నాది కాదు. చెడితే కట్టే డబ్బు లేనివాళ్లకు ప్రయోగం చేసే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? చేతిలో స్వేచ్ఛ పెట్టుకుని నేను డీటీపీ సెంటర్‌కు నడిచాను. ఆ పాటలు అట్లా పోయాయి.

తెలుగులో పని జరగలేదని కాదు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛ సంస్థ డెబియన్ అనే లినక్స్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది. ఇంజనీరింగ్ విద్యార్థులు వందల కొద్దీ కూర్చుని మెనూలు తెలుగు చేశారు. చిన్నపిల్లలకు బాల స్వేచ్ఛ అని వేరే తయారుచేశారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ బాస్ అనే లినక్స్ తెచ్చింది, అందులోనూ తెలుగు ఉంది. బెంగళూరులో ఒక మురికివాడలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అంబేద్కర్ పేరు మీదే కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ పెట్టారు. పాత కంప్యూటర్లు, లినక్స్, బస్తీ పిల్లలు. గింప్ అనే ప్రోగ్రాముతో ఆ పిల్లలు బొమ్మలు వేశారు. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది. చెరువు దాకా నడక అంటే అదే.

కేరళ ఇంకా పెద్ద ఎత్తున చేసింది. 2001లో మొదలైన ఐటీ అట్ స్కూల్ పథకంలో మొదట విండోస్ పాఠాలే ఉండేవి. ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి, ప్రజల డబ్బుతో ఒక కంపెనీ సరుకు నేర్పడమేమిటని. మెల్లగా సర్కారు బడులన్నీ లినక్స్‌కు మారాయి. 2 లక్షల కంప్యూటర్ల మీద లైసెన్సుల ఖర్చు 3,000 కోట్ల రూపాయలు మిగిలిందని 2019లో ఆ పథకం నడిపే కైట్ సంస్థ ప్రకటించింది. టీచర్లు అడిగారు కాబట్టి జరిగింది. మన దగ్గర టీచర్ల సంఘాలు పీఆర్సీ తర్వాత ఏదైనా అడుగుతాయేమో చూడాలి. నేనూ టీచర్నే, ఈ మాట నాకూ తగులుతుంది.

తెలుగు లినక్స్ మన వాడ దాకా ఎందుకు రాలేదు? ఒకటి, అది స్వచ్ఛందంగా చేసే పని. ఖాళీ సమయం కూడా ఒక ఆస్తే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూస్తూ సెలవుల్లో సెంట్రింగ్ పనికి పోయే పిల్లగాడికి రాత్రి కూర్చుని మెనూలు అనువదించే తీరిక లేదు. తీరిక ఉన్నవాళ్లు అనువదించారు, వాళ్ల తెలుగు వచ్చింది. ఫోల్డర్ ‘సంచయం’ అయింది. పాస్‌వర్డ్ ‘సంకేతపదం’ అయింది. ప్రిఫరెన్సెస్ ‘అభీష్టాలు’ అయింది. తెలుగులో డాక్టరేట్ ఉన్న నాకే అభీష్టం అంటే గుడిలో మొక్కు గుర్తొస్తుంది. ఫైలుకు పెట్టిన ‘దస్త్రం’ మాత్రం బాగుంది. పారశీ నుంచి మన కచేరీల మీదుగా వచ్చిన మాట, దస్త్రాలు మోసిన తాతలు మనకు ఉన్నారు. తమాషా ఏమిటంటే, ఈ మాటలు నచ్చకపోతే మార్చే హక్కు లైసెన్సులోనే ఉంది. మార్చడానికి మనం పోలేదు.

ఫాంట్లదీ ఇదే కథ. దేశికాచారి గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు చాలా లినక్స్‌లలో దొరుకుతాయి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్ల పేర్లు చదవండి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ. అష్టదిగ్గజాల కొలువు మొత్తం ఉంది. గురజాడ, గిడుగు, సురవరం ఉన్నారు. జాషువా లేడు. కానీ కోపం తెచ్చుకుని ఆగిపోకండి. అవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. తీసుకుని, మార్చి, కొత్త పేరు పెట్టి పంచుకోవచ్చు. జాషువా పేరుతో ఒక ఫాంటు చేయడానికి మనం ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలెవరైనా ఉంటే నాకు రాయండి.

ఇప్పుడు ఇదంతా ఎందుకు ఎత్తానంటే, మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం పిల్లగాడు వచ్చి, “మేడం, నా లాప్‌టాప్ల విండోస్ 10కు ఇగ అప్‌డేట్లు రావట. పదకొండు ఎక్కదట. షాపాయన కొత్తది కొనుక్కోమంటుండు,” అన్నాడు. నిజమే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే చిప్పు కావాలి, పాత లాప్‌టాప్‌లు చాలావాటిలో అది లేదు. బాగా నడుస్తున్న యంత్రం ఒక తేదీతో పాతదైపోయింది. వాడి లాప్‌టాప్ అక్క పెళ్లికి దాచిన డబ్బులోంచి కొన్నది.

షాపుల్లో ఎక్కించేది చాలాసార్లు దొంగ కాపీ. అందరం వాడాం, నేనూ వాడాను. తప్పని నేను ఎవరినీ అనను. కానీ దాని రుచి నాకు తెలుసు. పటేళ్ల బావి నుంచి రాత్రిపూట ఎవరూ చూడకుండా నీళ్లు తోడుకొచ్చిన కథలు మా అమ్మమ్మ చెప్పేది. నీళ్లు అవే. గొంతు తడిచేది. కానీ చప్పుడైతే వణుకు. దొంగ విండోస్ రాత్రి నీళ్లు. లినక్స్ కాపీ చేసి పది మందికి ఇస్తే నీవు దొంగవు కావు, ఇవ్వమనే రాసి ఉంది. పట్టపగలు, అందరి ముందు, దోసిలి నిండా. నాకు డబ్బు మిగలడం కన్నా ఈ తేడా ముఖ్యం.

సరే, నడక ఎట్లా మొదలుపెట్టాలి? 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. పాత లాప్‌టాప్ అయితే లినక్స్ మింట్ వాళ్ల ఎక్స్ఎఫ్‌సీఈ రకం తీసుకోండి, 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. దింపుకోవలసిన ఫైలు దాదాపు 3 జీబీ, డేటా లేనివాళ్లు నా దగ్గర కాపీ చేసుకోండి. రూఫస్ లేదా బలేనా ఎచర్ అనే చిన్న ప్రోగ్రాముతో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ పోతాయి, గుర్తుంచుకోండి. లాప్‌టాప్ ఆపి మళ్లీ వేసేటప్పుడు ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ ఎస్కేప్ గానీ నొక్కితే దేంట్లోంచి మొదలుపెట్టాలని అడుగుతుంది. కంపెనీని బట్టి బటన్ మారుతుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకోండి.

ఇక్కడ భయపడేవాళ్లకు ఒక మంచి సంగతి. ఇట్లా తెరిస్తే లినక్స్ పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తుంది. మీ హార్డ్ డిస్కును ముట్టదు. రెండు రోజులు అట్లాగే వాడి చూడండి. వైఫై వస్తోందా, శబ్దం వస్తోందా, తెలుగు సరిగా కనిపిస్తోందా చూడండి. కొన్ని లాప్‌టాప్‌లలో వైఫై ఒక పట్టాన రాదు. అప్పుడు ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి నెట్ ఇచ్చి డ్రైవర్ ఎక్కించాలి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేయండి, మీ విండోస్ మీకు ఉంటుంది. నాకు ఆ సీడీ ఇచ్చిన దోస్తు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

నచ్చితే ఎక్కించండి. ముందు సర్టిఫికెట్లు, ఫోటోలు, కుల ధ్రువీకరణ పత్రం స్కాన్ అన్నీ వేరేచోట దాచండి. బిట్‌లాకర్ తాళం ఉన్న లాప్‌టాప్ అయితే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఎక్కించేటప్పుడు విండోస్ పక్కన పెట్టాలా, డిస్కు మొత్తం తుడిచేయాలా అని అడుగుతుంది. మొదటిసారి పక్కన పెట్టమనండి. ఉద్యోగాల కోసం ఎంఎస్ ఆఫీసు కావాలి కదా అని అడుగుతారు. కావాలి, అబద్ధం చెప్పను. కొన్ని టైపింగ్ పరీక్షలు, డీటీపీ పనులు ఇప్పటికీ విండోస్ మీదే. అందుకే రెండూ ఉంచుకోండి. లిబ్రెఆఫీస్‌లో చేయి తిరిగినవాళ్లకు ఎంఎస్ ఆఫీసు వారం పని.

తెలుగు టైపింగ్ గురించి మాత్రం పట్టుబట్టి చెప్తాను. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చితే వచ్చేది దాదాపు అదే. ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి హల్లులు. ఇంగ్లీషు స్పెల్లింగుతో టైపు చేసే పద్ధతి కావాలంటే ఐబస్‌లో ఆర్‌టీఎస్ ఉంది, అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్లు చేసింది. సులభమే. కానీ దానికి ముందు ఇంగ్లీషు రావాలి. తెలుగు రాయడానికి ఇంగ్లీషు గుమ్మం ఎందుకు దాటాలి? ఇన్‌స్క్రిప్ట్‌కు అఆలు వస్తే చాలు. మా వయోజన విద్య కేంద్రంలో చదివిన ఒక అమ్మ మూడు వారాల్లో తన పేరు, ఊరి పేరు, ఉపాధి హామీ అర్జీ టైపు చేసింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాదు.

చివరగా నా పాటల సంగతి. పదిహేను ఇరవై ఏళ్ల కిందట పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో ఫాంటు వాడే రోజుల్లో, నాగార్జున వెన్న అనే ఆయన ‘పద్మ’ అనే ప్రోగ్రాము రాశారు. ఆ ఫాంట్ల రాతను అది యూనికోడ్ తెలుగులోకి మార్చేది. దాని సోర్స్ కోడు తెరిచి పెట్టారు. నా సీడీలోని ఫాంటు ఆ జాబితాలో లేదు. కానీ పద్ధతి కనిపిస్తోంది కదా. ఏ గదిలో ఏ ముక్క ఉందో ఒక పట్టిక రాయాలి, ముక్కలను కలిపి అక్షరం చేయాలి. మా బీఎస్సీ కంప్యూటర్స్ పిల్లలు ఇద్దరు, ఆ లాప్‌టాప్ పిల్లగాడు, నేను సాయంత్రాలు కూర్చున్నాం. వాళ్లకు పైథాన్ తెలుసు, నాకు పాటలు తెలుసు. డాలరు గుర్తు వచ్చిన చోట ‘ఉయ్యాలో’ ఉండాలని నేను చెప్తే, అయితే ఈ మూడు గుర్తులు ఇవన్నమాట అని వాళ్లు పట్టికలో రాశారు. మొదటి పాట తెర మీద తెలుగులో కనిపించినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. ఆ లాప్‌టాప్ పిల్లగాడు కాసేపటికి, “ఇది మా ఊళ్ల పాడుతరు మేడం, రెండో చరణం వేరే ఉంటది,” అన్నాడు. ఆ చరణం కూడా రాసుకున్నాం.

ఇప్పటికి 29 పేజీలు వచ్చాయి. 11 మిగిలాయి. వాటిలో రెండు ఒత్తులు ఒకే గదిలో పెట్టినట్టున్నారు, ‘ర’ ఒత్తు రావాల్సిన చోటల్లా వేరే ఒత్తు వస్తోంది. చేత్తో దిద్దుతున్నాం. మీ ఇళ్లలో, సంఘం ఆఫీసుల్లో పాత డీటీపీ సీడీలు, ఫ్లాపీలు ఉంటే పారేయకండి. పట్టిక పూర్తయ్యాక అందరికీ పెడతాం. ఆదివారం పది గంటలకు పెద్దపల్లిలో కూర్చుంటున్నాం, చోటు కామెంట్లలో చెప్తాను. పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, లాప్‌టాప్ లేకపోయినా రండి. వచ్చే భాగంలో ఆది హిందూ బడుల్లో చదివినవాళ్లు ఏమయ్యారో చూద్దాం.

జై భీమ్.